పొడుపుకథా, శ్లేషా, కలా? మనసును తికమకపెట్టే సినిమాల్లో ఏది ఎంచుకోవాలి

“అర్థం కాలేదు” అన్న ఒక్క మాటను మనం రెండు వేర్వేరు సంగతులకు వాడేస్తుంటాం. సినిమా రెండు మూడు అర్థాలు ఇచ్చి, ఏది నిజమో తేల్చకుండా వదిలేసినా ఆ మాటే. సినిమాకే తలా తోకా లేకపోయినా ఆ మాటే. మొదటిది పనితనం, రెండోది పనిలో లోపం. బెంగళూరులో శనివారం రాత్రి మారతహళ్లి ఫ్లాట్‌లోనో, వైట్‌ఫీల్డ్ పీజీ గదిలోనో నలుగురు కూర్చుని ఇలాంటి సినిమా పెడితే, గంట దాటేసరికి ఒకరు ఫోన్ తీస్తారు, ఇంకొకరు నిద్రపోతారు. చాలాసార్లు తప్పు సినిమాది కాదు. ఆ గదికి, ఆ మనుషులకు, ఆ పూటకి తగని రకాన్ని ఎంచుకోవడమే తప్పు.

రకాలు చెప్పుకోవడానికి తెలుగులో మంచి మాటలే ఉన్నాయి. పొడుపుకథకు విడుపు ఒక్కటే. అది తెలిశాక ప్రతి మాటా దాని చోట కూర్చుంటుంది. శ్లేష అలా కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన రాఘవపాండవీయంలో అదే పద్యం ఒకలా అన్వయిస్తే రామాయణం, ఇంకోలా అన్వయిస్తే భారతం. రెండు అర్థాలూ నాలుగు పాదాల్లోనూ నిలబడాలి. మూడు పాదాలు నిలబడి నాలుగోది జారితే అది శ్లేష అనిపించుకోదు, తప్పు అనిపించుకుంటుంది. ఇక కల. దానికి విడుపు అడగం, కానీ అందులో పొందిక లేదని ఎవరూ అనరు. చచ్చిపోయిన తాతయ్య బస్సు నడుపుతుంటే కలలో మనకు ఆశ్చర్యం ఉండదు. భయమో, బెంగో, ఏదో ఒక్క భావం మొదటినుంచి చివరిదాకా తెగకుండా ఉంటుంది. ఆ తెగని భావమే కలకు పొందిక.

సినిమా ఎంచుకునే ముందు ఈ మూడింటిలో ఏది కావాలో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. కింద సినిమాల గురించి చెప్పేచోట ముడి విప్పలేదు, ఎక్కడ చూడాలో మాత్రమే చెప్పాం.

విడుపు ఉన్నవి

కొత్తవాళ్లు మొదలుపెట్టాల్సింది ఇక్కడే. క్రిస్టఫర్ నోలన్ ‘మెమెంటో’ (2000) ఇందుకు చక్కని పాఠం. 113 నిమిషాల సినిమాలో రెండు దారులు ఉంటాయి. రంగుల్లో ఉన్న ఘట్టాలు వెనక్కి నడుస్తాయి, నలుపు తెలుపు ఘట్టాలు ముందుకి నడుస్తాయి, చివర్లో రెండూ కలుస్తాయి. ఈ ఒక్క నియమం మొదటే తెలిస్తే సినిమా పాడవదు, పైగా చాలామందికి చూడటం సులువవుతుంది. 2005లో వచ్చిన ‘గజిని’ మనవాళ్లందరికీ తెలుసు కాబట్టి పోల్చి చూడండి. అక్కడా మరపు, ఫొటోలు, ఒంటిమీద పచ్చబొట్లు ఉన్నాయి. కానీ కథను ఫ్లాష్‌బ్యాక్‌తో తిన్నగా చెప్పారు కాబట్టి మరపు హీరోకే ఉంటుంది, మనకు ఉండదు. ‘మెమెంటో’లో ప్రతి ఘట్టం మొదట్లో మనకూ ఏమీ గుర్తుండదు, ఎందుకంటే ముందు జరిగినది ఇంకా చూడలేదు. తికమక అలంకారంగా పెట్టింది కాదు, అదే కథ. ఒక ప్రత్యేక డీవీడీలో ఈ సినిమాను కాలక్రమంలో చూసే దారి కూడా దాచిపెట్టారు. మొదటిసారి మాత్రం అలా చూడకండి, మిగిలేది మామూలు పగ కథే.

బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లకు ఇంకా దగ్గర దారి పవన్ కుమార్ కన్నడ సినిమా ‘లూసియా’ (2013). ప్రేక్షకుల దగ్గరే డబ్బు పోగుచేసి తీసిన సినిమా అది. థియేటర్‌లో టార్చిలైటుతో సీట్లు చూపించే కుర్రాడు, నిద్ర పట్టక వేసుకునే మాత్ర, ఆ మాత్రతో వచ్చే కల. ఒక జీవితం రంగుల్లో, ఇంకొకటి నలుపు తెలుపులో. రంగును మనం దేనికి అంటగడతామో, నలుపు తెలుపును దేనికి అంటగడతామో ఆ అలవాటు మీదే సినిమా అంతా నిలబడింది. రెండు జీవితాల్లోనూ తిరిగొచ్చే మనుషుల్ని, మాటల్ని గుర్తుపెట్టుకుంటే చాలు. నాలుగైదేళ్లుగా ఇక్కడ ఉంటూ ఆటోవాళ్లతో, ఇంటి ఓనర్లతో కన్నడ మాట్లాడేవాళ్లు సబ్‌టైటిల్స్ మీద కళ్లు సగమే పెట్టినా సరిపోతుంది. మిగతా సగం తెర మీద పెట్టొచ్చు. ఇలాంటి సినిమాకు అది పెద్ద లాభం.

తెలుగులో ‘1: నేనొక్కడినే’ (2014), ‘అ!’ (2018) ఈ కోవలోవే. రెండూ చివరికి లెక్క అప్పజెప్పేస్తాయి. అప్పజెప్పే తీరులో మాత్రం తేడా ఉంది. మొదటిదాంట్లో హీరోకి కనిపించేది నిజమా భ్రమా అన్న అనుమానమే కథను నడుపుతుంది. రెండోదాంట్లో సంబంధం లేనట్టున్న కథలన్నీ పక్కపక్కన నడిచి చివర్లో ఒక తాళంచెవితో ఒకేసారి తెరుచుకుంటాయి. తాళంచెవి చివర్లోనే ఉన్న సినిమాకు ఒక ఇబ్బంది ఉంది. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి ఓపిక లేనివాళ్లు గంటకే లేచిపోతారు. ఇంట్లో నలుగురూ కలిసి చూసేటప్పుడు “చివర్లో చెబుతారు, అంతవరకూ ఒక్కో కథను విడిగా చూడండి” అని ముందే ఒక మాట అనేస్తే ఆ ఇబ్బంది తీరుతుంది.

రెండర్థాలూ నిలిచేవి

అసలు రుచి ఇక్కడ ఉంది. ఈ రకం బాగా తీసినవి తక్కువ, చెడగొట్టినవి ఎక్కువ.

డేవిడ్ లించ్ ‘మల్హాలండ్ డ్రైవ్’ (2001) పేరు అందరూ చెబుతారు. 2016లో బీబీసీ విమర్శకుల చేత వేయించిన ఓట్లలో 21వ శతాబ్దపు సినిమాల్లో దీనికే మొదటి స్థానం వచ్చింది. ఆ పేరు చూసి మొదటి సినిమాగా దీన్నే పెట్టుకోవడం మామూలుగా జరిగే పొరపాటు. 147 నిమిషాల్లో దాదాపు మొదటి రెండు గంటలు ఒక లోకం. తర్వాత నీలం పెట్టె తెరుచుకుంటుంది, అవే ముఖాలకు వేరే పేర్లు వస్తాయి. ఒక భాగం కల, ఇంకొకటి నిజం అని ఎక్కువమంది చదువుతారు. ఆ చదువు బాగా నిలబడుతుంది, ఎందుకంటే దానికి ఆధారం సినిమా మొదట్లోనే ఉంది. పేర్లు పడకముందే, నాట్యాలు అయ్యాక, కెమెరా ఊపిరి చప్పుడుతో ఒక ఎర్ర దిండు మీదికి వాలుతుంది. కొన్ని సెకన్ల పని అది. టీ కోసం లేచినవాళ్లు అది చూడరు, తర్వాత రెండున్నర గంటలు తిట్టుకుంటారు.

తన సినిమాలను విడమరిచి చెప్పే అలవాటు లించ్‌కు ఉండేది కాదు. అయినా ఈ సినిమా డీవీడీతో పది ఆనవాళ్ల చీటీ ఇచ్చాడు. వాటిలో ఒకటి గౌను, యాష్‌ట్రే, కాఫీ కప్పు గమనించమని. ఇది వేదాంతం కాదు, అచ్చమైన పనిముట్టు. చివరి భాగంలో ఘట్టాలు వరుసలో రావు. పక్కింటామె వచ్చి తన యాష్‌ట్రే తీసుకుపోతుంది, కాసేపటికి అదే యాష్‌ట్రే మళ్లీ బల్లమీద కనిపిస్తుంది. అంటే మనం చూస్తున్నది ముందు జరిగినది. ఒక చిన్న వస్తువు గడియారం పని చేస్తోందన్నమాట. ఈ ఒక్కటీ పట్టుకుంటే చివరి అరగంట దారిలోకి వస్తుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఈ సినిమాలో ప్రతి ముక్కకూ అర్థం వెతకకండి. ఇది మొదట 1999లో టీవీ ధారావాహిక కోసం పైలట్‌గా, అంటే నమూనా తొలి భాగంగా తీసినది. ఛానల్ వద్దన్నాక ఫ్రాన్స్ నుంచి డబ్బు వచ్చి, మరికొంత తీసి, సినిమాగా పూర్తిచేశారు. ప్రమాదం జరిగిన చోటుకు వచ్చే డిటెక్టివ్ ఒక్క ఘట్టంలో కనిపించి మళ్లీ రాడు. తర్వాతి వారాల్లో నడవాల్సిన దారానికి అది కొస. దాన్ని గూఢార్థం అనుకుని గంటసేపు వాదించుకుంటే ఆ గంట వృథా. గొప్ప సినిమాలోనూ అతుకులు ఉంటాయి. ఏది అతుకో, ఏది అల్లికో తెలుసుకోవడం చూసేవాళ్ల చదువులో భాగమే.

అదే లించ్ ‘లాస్ట్ హైవే’ (1997) కొంచెం బిగువు ఎక్కువ, చల్లదనం ఎక్కువ. జైలు గదిలో ఉన్న మనిషి తెల్లారేసరికి ఇంకో మనిషి అయిపోతాడు. మొదట ఇంటర్‌కామ్‌లో వినిపించిన మాట చివర్లో మళ్లీ వినిపించి సినిమా తన తోక తాను పట్టుకుంటుంది. రెండింట్లో ఒకటే చూసే తీరిక ఉంటే ‘మల్హాలండ్ డ్రైవ్’ చూడండి. అందులో ఒక మనిషి గుండె పగలడం ఉంది, ముడి విప్పకపోయినా అది మీకు చేరుతుంది.

సతోషి కోన్ ‘పర్ఫెక్ట్ బ్లూ’ (1997) జపాన్ యానిమేషన్. 81 నిమిషాలు. పాటలు మానేసి నటిగా మారిన అమ్మాయికి తన జీవితం, తను నటిస్తున్న సీరియల్, ఎవరో తన పేరుతో రాస్తున్న డైరీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. కోన్ ఒక ఘట్టంలో మొదలైన కదలికను ఇంకో ఘట్టంలో ముగిస్తాడు. అందుకే ఎక్కడ అతికారో కంటికి అందదు. దీనికి మొదట వాడాల్సింది వస్తువుల లెక్క. ఆమె గదిలో చేపల తొట్టి, గోడ మీది పోస్టర్ ప్రతిసారీ ఎలా ఉన్నాయో చూడండి. సగం పొడుపుకథ, సగం శ్లేష అనొచ్చు, ఎందుకంటే నేరం ఎవరిదో తెలుస్తుంది, ఏ ఘట్టం నిజంగా జరిగిందో పూర్తిగా తెలియదు. బొమ్మల సినిమా కదా అని పిల్లల ముందు పెట్టకండి. అత్యాచార ఘట్టం చిత్రీకరణ చూపించే సన్నివేశం, కత్తి హత్యలు ఉన్నాయి. పెద్దవాళ్లలోనూ ఆ సన్నివేశం తట్టుకోలేనివాళ్లు ఉంటారు, ముందే చెప్పి పెట్టాలి.

తొందరలో ఉన్నవాళ్లకు డెనీ విల్నోవ్ ‘ఎనిమీ’ (2013). గంటన్నర సినిమా, ఒకే నటుడు రెండు పాత్రల్లో. ఉంగరం వేలికి ఉన్నది ఎవరికి, మచ్చ ఉన్నది ఎవరికి, అమ్మ ఎవరితో ఏమంటుంది, ఇవి మూడూ రాసుకుంటే ఇద్దరా ఒక్కడా అన్నది రెండు విధాలా వాదించొచ్చు. చివరి షాట్‌కు మాత్రం తయారుగా ఉండండి. సాలీడంటే భయం ఉన్నవాళ్లకు ఇది వద్దు. తమిళ, తెలుగు భాషల్లో వచ్చిన ‘గేమ్ ఓవర్’ (2019) ఇదే దారిలో సులువైన మెట్టు. వీడియో గేమ్‌లో ప్రాణాల లెక్కలాగా చివరి భాగం మళ్లీ మళ్లీ మొదలవుతుంది. అది అతీతశక్తి పనా, భయపడిన మనసు చేసిన సాధనా అన్నది తేల్చుకునే పని మనకే వదిలేసింది. తెలుగులోనే చూడొచ్చు కాబట్టి అమ్మానాన్నలు ఊరినుంచి వచ్చినప్పుడు ఈ రకం రుచి చూపించాలంటే ఇది పనికొస్తుంది. వాళ్లకు హింస చూడటం పడదంటే మాత్రం వద్దు.

కలగా వదిలేయాల్సినవి

లించ్ మొదటి సినిమా ‘ఇరేజర్‌హెడ్’ (1977) 89 నిమిషాలే, కానీ బరువు మూడు గంటలది. కథ రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. సినిమా ఉన్నది శబ్దంలో. ఫ్యాక్టరీ హోరులాంటి లోతైన రొద మొదటినుంచి చివరిదాకా ఆగదు, అదే ఆ సినిమాను ఒక్క ముద్దగా పట్టి ఉంచుతుంది. లాప్‌టాప్ స్పీకర్లలో ఆ లోతు వినపడదు. వినపడకపోతే మిగిలేవి వింత బొమ్మలు, అప్పుడు “తలా తోకా లేదు” అనిపించడం సహజమే. అపార్ట్‌మెంట్ గోడలు పలచగా ఉంటాయి కాబట్టి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే చూడటం మంచిది. కడుపుతో ఉన్నవాళ్లు, కొత్తగా బిడ్డ పుట్టినవాళ్లు దీన్ని వాయిదా వేసుకోవాలి. ఈ మాట గట్టిగా చెబుతున్నాం.

బెర్గ్‌మన్ ‘పెర్సోనా’ (1966) గంటన్నర లోపు. మాట్లాడటం మానేసిన నటి, ఆమెను చూసుకునే నర్సు. ఒక్కరే మాట్లాడే ఒక పొడుగాటి ఘట్టం మొత్తం రెండుసార్లు వస్తుంది, ఒకసారి వినే ముఖం మీద, ఇంకోసారి చెప్పే ముఖం మీద. ప్లేయర్ పాడైందనుకుని ముందుకి జరపకండి. మధ్యలో ఫిలిం కాలిపోయినట్టు కనిపించేదీ అంతే, తెగినది మీ నెట్ కాదు. అలెన్ రెనె ‘లాస్ట్ ఇయర్ ఎట్ మారియన్‌బాడ్’ (1961) అందరికీ పడదు. 94 నిమిషాల్లో “పోయినేడు మనం కలిశాం” అంటాడు అతను, “లేదు” అంటుంది ఆమె. తోటలో మనుషులకు నీడలుంటాయి, చెట్లకు ఉండవు. ఆ షాట్ చూసి ఒళ్లు జలదరిస్తే సినిమా మీదే, విసుగు పుడితే అక్కడే ఆపేయొచ్చు. తప్పేమీ లేదు.

కల రకానికి మొదటి సినిమాగా ఇవేవీ వద్దు. లిజో జోస్ పెల్లిస్సేరి ‘నన్‌పకల్ నేరత్తు మయక్కమ్’ పెట్టండి. 2022 డిసెంబరులో కేరళ చలనచిత్రోత్సవంలో తొలిసారి చూపించారు, మరుసటి నెల థియేటర్లకు వచ్చింది. వేళాంగణి నుంచి తిరిగొస్తున్న మలయాళీల బస్సు మధ్యాహ్నం నిద్రలో జోగుతుంటుంది. మమ్ముట్టి పాత్ర లేచి, బస్సు ఆపించి, ఒక తమిళ పల్లెలోకి నడిచిపోయి, అక్కడ కనపడకుండా పోయిన ఒక మనిషిలా బతకడం మొదలుపెడుతుంది. భయపెట్టదు, రక్తం లేదు. కెమెరా దాదాపు కదలదు. వెనకాల పాత తమిళ సినిమాల పాటలు, డైలాగులు టీవీల్లోంచి వినపడుతూనే ఉంటాయి. ఆయన ఎందుకలా అయ్యాడో సినిమా చెప్పదు, కానీ ఆయన కోరికలో ఎక్కడా తడబాటు లేదు. తన ఇంటికి తాను వచ్చానని ఆయనకు పూర్తి నమ్మకం. ఆ నమ్మకమే పొందిక.

దీన్ని సబ్‌టైటిల్స్ మీదే ఆధారపడి చూస్తే ఒక పెద్ద విషయం జారిపోతుంది. ఆయన మలయాళం వదిలి తమిళంలోకి మారడమే మనిషి మారాడనడానికి గుర్తు. రెండు భాషలకూ కిందపడే అక్షరాలు ఒకేలా ఉంటాయి. బెంగళూరులో పనిచేసే తెలుగువాళ్ల చెవికి ఆఫీసులోనో పీజీలోనో ఈ రెండు భాషల తేడా అలవాటై ఉంటుంది. చెవిని పనిలో పెట్టండి.

అరగంటలో తేల్చుకోవడం

పెట్టిన సినిమా శ్లేషా, లేక ఒట్టి గందరగోళమా అన్నది అరగంట గడిచాక చాలావరకు తెలిసిపోతుంది. ఒక వస్తువో మాటో తిరిగొచ్చి, రెండోసారి కొంచెం మారి కనిపిస్తే దర్శకుడు లెక్క పెట్టుకున్నాడని అర్థం. ప్రతి వింతా ఒక్కసారే వచ్చి పోతుంటే అనుమానించండి. ముఖ్య పాత్రకు ఏం కావాలో ఒక్క వాక్యంలో చెప్పగలరా చూడండి. పేరు, ఊరు, ముఖం మారినా ఆ వాక్యం మారకపోతే సినిమాకు వెన్నెముక ఉన్నట్టే.

అన్నిటికంటే గట్టి పరీక్ష మూడోది, కానీ అది సినిమా అయ్యాకే కుదురుతుంది. “ఇదంతా అతని భ్రమ” అని చివర్లో చెప్పారనుకోండి. ఆ భ్రమలోని మనిషి, భ్రమ పడినవాడు అసలు లేని చోట, ఒంటరిగా ఏదైనా చేసినట్టు ముందు చూపించారా? చూపిస్తే ఆ ఘట్టం ఎవరి కళ్లతో చూశాం? జవాబు లేకపోతే దర్శకుడు పాత్రను కాదు, మనల్ని మోసం చేశాడు. శ్లేషలో నాలుగో పాదం జారడం అంటే ఇదే. మలుపు ఆఖరున తోచి, ముందు తీసిన ఘట్టాలకు సరిచేయకపోతే ఇలా జరుగుతుంది. విడుదలయ్యాక నిడివి ఎక్కువైందని కోసేసినా జరుగుతుంది. కోతలో మొదట పోయేవి “ఏమీ జరగని” ఘట్టాలే. ఆనవాళ్లు దాచేది కూడా ఆ ఘట్టాల్లోనే.

కాబట్టి మీరు చూస్తున్న కాపీ పూర్తిదో కాదో సరిచూసుకోండి. లెక్క సులువు. ‘మల్హాలండ్ డ్రైవ్’ 147 నిమిషాలు. మీ ప్లేయర్‌లో 141 చూపిస్తే కోత పడిందని కంగారు వద్దు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడిపే పాత యూరప్ టీవీ పద్ధతి కాపీ అది, నూటికి నాలుగు వంతులు త్వరగా అయిపోతుంది. 135 చూపిస్తే మాత్రం నిజంగానే ఏదో పోయింది.

ఎక్కడ, ఎలా చూడాలి

పొడుపుకథలకు ఇల్లే మంచిది. ఆపి, వెనక్కి తిప్పి, “ఆ ఫొటో మళ్లీ చూపించు” అనొచ్చు. కలలకు అది పనికిరాదు, ఆపితే తెగిపోతుంది. వాటికి చీకటి హాలు కావాలి. బనశంకరిలో 1971 నుంచి ఉన్న సుచిత్ర ఫిల్మ్ సొసైటీలోనో, ఏటా జరిగే బెంగళూరు చలనచిత్రోత్సవంలోనో ఇలాంటి సినిమా పడితే ఇంట్లో చూసే ఆలోచన మానుకుని వెళ్లండి. శ్లేషలను రెండుసార్లు చూడాలి. మొదటిసారి ఆపకుండా, రెండోసారి కాగితం కలంతో. ‘మల్హాలండ్ డ్రైవ్’ మధ్యలో ఆపక తప్పదనుకుంటే, ఇద్దరమ్మాయిలూ అర్ధరాత్రి టాక్సీ ఎక్కేముందు ఆపండి. అక్కడినుంచి చివరిదాకా ఒక్క బిగిన చూడాల్సిందే.

టీవీలో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఉంటుంది, ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది. అది ఆపేయండి, సినిమా సీరియల్‌లా కనిపించడానికి కారణం అదే. ‘లాస్ట్ హైవే’లో హీరో తన ఇంటి నడవాలో చీకట్లోకి నడిచి మాయమవుతాడు. పగటివెలుగులో కర్టెన్ వేయకుండా చూస్తే అక్కడ మీకు కనిపించేది మీ ముఖమే. వెలుతురు పెంచి చూడటం కూడా తప్పు, నలుపు బూడిదరంగై ఆ మాయమవడం పోతుంది. రాత్రి పెట్టుకోండి.

వివరణ వీడియోలు మొదటిసారి చూసిన రోజు వద్దు. ఒక రాత్రి నిద్రపోయాక మీకు గుర్తున్న మూడు బొమ్మలు రాసుకోండి. రెండోసారి చూసేటప్పుడు ఎక్కడ ఆగాలో అవే చెబుతాయి.

ఇక ఎంపిక. ముడి విడకపోతే నిద్రపట్టని మనిషికి ‘మెమెంటో’, కన్నడ కాస్త వచ్చుంటే ముందు ‘లూసియా’. ఆ రెండూ నచ్చి ఇంకా కావాలనిపిస్తే ‘ఎనిమీ’, ఆ తర్వాతే ‘మల్హాలండ్ డ్రైవ్’. కథకంటే ముఖాలు, మౌనాలు ఇష్టపడేవాళ్లు ఈ వరుస పక్కనపెట్టి తిన్నగా ‘నన్‌పకల్’, అక్కడినుంచి ‘పెర్సోనా’కి వెళ్లొచ్చు. వారమంతా ఆఫీసులో నలిగి శుక్రవారం రాత్రి పదింటికి ఇల్లు చేరినవాళ్లు మాత్రం ఆ పూట ఇవేవీ పెట్టకండి. శనివారం మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీసి, చీకటి పడ్డాక కూర్చోండి.